గాలిపటం కరెంటు ఎలా ఇస్తుంది?

సంక్రాంతికి పతంగి ఎగరేసిన వాళ్లందరి వేళ్లకూ ఒక సంగతి తెలుసు. పతంగి పైన ఒకచోట నింపాదిగా నిలబడి ఉన్నంతసేపూ దారం తేలిగ్గా ఉంటుంది. అదే పతంగి పక్కకు తిరిగి ఆకాశానికి అడ్డంగా దూసుకుపోయిందంటే దారం ఒక్కసారిగా బిగుసుకుని వేలు తెగేంత పని అవుతుంది. వీచే గాలి మారలేదు, పతంగి మారలేదు. మరి అంత లాగుడు ఎక్కడి నుంచి వచ్చింది?

పెద్ద గాలిపటాలతో కరెంటు తీసే విద్యకు మూలం ఈ ప్రశ్నలోనే ఉంది. అయితే గాలిపటంతో కరెంటు ఎందుకని ఎవరినైనా అడిగితే, ఎత్తున గాలి బాగా వీస్తుంది కదా, అంతవరకూ స్తంభం వేయలేం కాబట్టి గాలిపటం అని చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు గానీ సగమే. ముందు ఆ సగం చూసి, తర్వాత అసలు సంగతికి వద్దాం.

పైకి పోతే ఏముంది?

నేల గాలిని పట్టి లాగుతుంది. గుట్టలు, ఇళ్లు, చెట్లు, ఆఖరికి మోకాలెత్తు వేరుశనగ చేను కూడా తన మీదుగా పోయే గాలి వేగాన్ని ఎంతో కొంత తగ్గిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఈ రాపిడి తగ్గి గాలి జోరందుకుంటుంది. వేగం కాస్త పెరిగినా చేతికొచ్చే శక్తి చాలా పెరుగుతుంది. గాలి వేగం రెట్టింపైతే ప్రతి కిలో గాలిలోనూ నాలుగు రెట్ల శక్తి ఉంటుంది. పైగా ఒక సెకనులో వచ్చి పడే గాలి కూడా రెండింతలవుతుంది. రెండూ కలిస్తే ఎనిమిది రెట్లు. సెకనుకు 5 మీటర్ల గాలి 6 మీటర్లయితే మనకు ఒక్క మీటరే పెరిగినట్టు కనిపిస్తుంది, శక్తి మాత్రం 73 శాతం పెరుగుతుంది.

చదునైన నేల మీద ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క ప్రకారం 100 మీటర్ల ఎత్తు నుంచి 400 మీటర్లకు పోతే గాలి వేగం సుమారు 22 శాతం, దానిలోని శక్తి సుమారు 80 శాతం పెరుగుతాయి. ఇది పరాయి దేశాల లెక్క మాత్రమే కాదు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ మన దేశంలో గాలి నుంచి ఎంత కరెంటు తీయవచ్చో అంచనా కట్టింది. 120 మీటర్ల ఎత్తున అది 695.5 గిగావాట్లు, 150 మీటర్ల ఎత్తున 1,163.9 గిగావాట్లు. ఆంధ్రప్రదేశ్ వరకు చూస్తే 74.9 నుంచి 123.3కు, తెలంగాణలో 24.8 నుంచి 54.7కు పెరిగింది. నేల అదే, గుట్టలు అవే. ముప్పై మీటర్లు పైకి పోయేసరికి అంత తేడా వచ్చింది.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి కిందికీ పైకీ కలియబడుతూ ఉంటుంది కాబట్టి నేల రాపిడి ప్రభావం చాలా ఎత్తు దాకా పోతుంది. పొద్దు గూకి నేల చల్లబడ్డాక ఆ కలయిక ఆగుతుంది. కింద గాలి పడిపోతుంది, కొన్ని వందల మీటర్ల పైన గాలికి మాత్రం నేలతో లంకె తెగి వేగం పెరుగుతుంది. వేసవి రాత్రి ఆకు కదలక మనం ఉక్కపోతకు అల్లాడుతున్నప్పుడు పైన మంచి గాలి వీస్తూ ఉండవచ్చు. సోలార్ పలకలు పని మానేసే వేళ కూడా అదే. పై గాలి విలువ తేల్చేటప్పుడు ఈ వేళను లెక్కలోకి తీసుకోవాల్సిందే.

మరి ఇంకా పైకి, కిలోమీటర్ల ఎత్తుకు పోవచ్చు కదా? నైరుతి రుతుపవనాల కాలంలో మన నెత్తిన 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు మహా వేగంతో ఒక గాలి ప్రవాహం పరుగెడుతుంది. తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన పి. కోటేశ్వరం 1950లలో దాన్ని వివరించి ప్రపంచ వాతావరణ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. ఆ ఎత్తు మాత్రం ఏ గాలిపటానికీ అందేది కాదు. తాడు పొడవు పెరిగితే బరువు పెరుగుతుంది. దానికన్నా పెద్ద చిక్కు, గాలిపటంతో పాటు వేగంగా కదిలే తాడు పైభాగం గాలిని కోసుకుంటూ పోతూ గాలిపటం వేగాన్ని తినేస్తుంది. అందుకే ఇవాళ్టి యంత్రాలు ఎక్కువగా 200 నుంచి 500 మీటర్ల ఎత్తులోనే పని చేస్తున్నాయి.

అసలు కిటుకు ఎక్కడుంది?

ఇక మిగతా సగం. ఒకచోట నిలబడ్డ గాలిపటానికి తగిలేది వీచే గాలి ఒక్కటే. గాలికి అడ్డంగా పరుగెత్తే గాలిపటానికి తన పరుగు వల్ల పుట్టే ఎదురుగాలి కూడా తోడవుతుంది. రెక్క మీద పడే బలం దానికి తగిలే గాలి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే తగిలే గాలి మూడింతలైతే లాగుడు తొమ్మిదింతలవుతుంది. పతంగి అడ్డంగా దూసుకుపోయినప్పుడు వేలు కోసింది ఈ బలమే.

అంకెలు పెట్టి చూస్తే దీని సత్తా తెలుస్తుంది. 60 చదరపు మీటర్ల గుడ్డ గాలిపటం అనుకుందాం. మన లెక్కలో 72 గజాలు, ఒక చిన్న ఇంటి స్థలమంత. సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోంది. ఈ గాలిపటం ఉన్నచోటనే ఉంటే తాడు మీద పడే లాగుడు సుమారు 375 కిలోలు. మంచి గుడ్డ గాలిపటానికి పైకెత్తే బలం వెనక్కి లాగే బలానికి ఐదు రెట్లుంటుందనుకుంటే, తాడు వదులుతూ అడ్డంగా ఎగిరేటప్పుడు అది సెకనుకు 33 మీటర్ల దాకా, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. అప్పుడు లాగుడు నాలుగు టన్నులు. గాలి అదే, గుడ్డ అదే. ఎగిరే తీరు మార్చినందుకు పదకొండు రెట్ల బలం వచ్చింది.

నాలుగు టన్నులు లాగినంత మాత్రాన కరెంటు రాదు. బలంతో పాటు కదలిక ఉంటేనే పని జరిగినట్టు. తాడును బిగపట్టి ఉంచితే లాగుడు గరిష్ఠంగా ఉంటుంది, కదలిక ఉండదు కాబట్టి శక్తి సున్నా. గాలితో సమానమైన వేగంతో తాడు వదిలేస్తే కదలిక బాగానే ఉంటుంది, లాగుడు ఉండదు, మళ్లీ సున్నా. మధ్యలో ఎక్కడో మంచి చోటు ఉండాలి. ఆ చోటు గాలి వేగంలో మూడో వంతు దగ్గర ఉందని లెక్క కట్టింది మైల్స్ లాయిడ్ అనే అమెరికా ఇంజినీరు. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1980లో ఆయన ప్రచురించిన వ్యాసమే ఈ రంగానికంతటికీ పునాది. మన ఉదాహరణలో మూడో వంతు అంటే సెకనుకు 3.3 మీటర్లు. నాలుగు టన్నుల బలంతో ఆ వేగంతో తాడు లాగితే సుమారు 130 కిలోవాట్లు. సీ-5ఏ అనే భారీ సైనిక రవాణా విమానపు రెక్కంత గాలిపటాన్ని ఇలా ఎగరేస్తే, సెకనుకు 10 మీటర్ల గాలిలో 6.7 మెగావాట్లు వస్తాయని లాయిడ్ లెక్క తేల్చింది.

మామూలు గాలిమరతో పక్కపక్కన పెడితే ఈ ఆలోచన ఎంత పదునైనదో ఇంకా స్పష్టమవుతుంది. గాలిమర రెక్కలు తిరిగే వలయంలో బయటి మూడో వంతు పొడవు ఒక్కటే మొత్తం వైశాల్యంలో 56 శాతాన్ని ఊడుస్తుంది. అన్నిటికన్నా వేగంగా కదిలేది కూడా రెక్క కొనే. లోపలి భాగం, ఇరుసు, వందల టన్నుల ఉక్కు స్తంభం, కింద కాంక్రీటు దిమ్మె, వీటి పని చాలావరకు ఆ కొనలను పట్టి నిలబెట్టడమే. గాలిపటం కరెంటులో మిగిలేది ఆ రెక్క కొన మాత్రమే. స్తంభం బదులు తాడు, ఇరుసు బదులు గాలిలో గీసే దారి. స్తంభం వంగకుండా నిలబడాలి, అందుకు బోలెడు లోహం కావాలి. తాడు లాగుడును ఓర్చుకుంటే చాలు, అందుకు చాలా తక్కువ పదార్థం సరిపోతుంది. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఈ పొదుపే. ఎత్తు దాని వెంట వచ్చే లాభం.

లాయిడ్ లెక్క సరైనదే అయినా దాదాపు ఇరవై ఏళ్లు కాగితం మీదే ఉండిపోయింది. 1970ల చమురు సంక్షోభం ఇలాంటి ఆలోచనలకు ఊపిరి పోసింది. 1980ల నడుమ చమురు ధర పడిపోయేసరికి ఆ ఆసక్తీ పడిపోయింది. అప్పటికి తగిన తాడు కూడా లేదు. ఉక్కుతీగ వాడితే దాని బరువే గాలిపటాన్ని కిందికి దించేస్తుంది. డైనీమా వంటి పాలిథిలీన్ పోగుల తాళ్లు మార్కెట్లోకి వచ్చింది 1990లలో. వేలి మందం తాడు టన్నుల లాగుడును ఓర్చుకుంటుంది, నీటి మీద తేలేంత తేలిక. చవకైన జీపీఎస్, చిన్న సెన్సర్లు, వేగంగా లెక్కించే చిప్పులు ఆ తర్వాత వచ్చాయి. ఇవేవీ లేకుండా గంటకు 120 కిలోమీటర్ల వేగంతో తిరిగే గాలిపటాన్ని మనిషి చెయ్యి తగలకుండా నడిపించడం కుదరదు.

కరెంటుగా మారేది ఎలా?

దారులు రెండు. ఎక్కువమంది పట్టుకున్నది మొదటిది. నేల మీద ఒక కంటైనరు పెట్టె, అందులో చరఖా లాంటి పెద్ద డ్రమ్ము, దానికి తగిలించిన జనరేటరు. గాలిపటం గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో అడ్డంగా తిరుగుతూ తాడును లాగుతుంది, డ్రమ్ము తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. ఎనిమిదే ఎందుకు, గుండ్రంగా తిరగకూడదా? గుండ్రంగా ఒకే వైపు తిరిగితే ప్రతి చుట్టుకూ తాడు ఒక మెలి పడుతుంది. ఎనిమిదిలో ఒక సున్న కుడికి, ఒక సున్న ఎడమకు కాబట్టి పడ్డ మెలి విడిపోతుంది.

తాడు ఎంతసేపని వదులుతాం? ఒక నిమిషం పైచిలుకులో అనుకున్న పొడవు అయిపోతుంది. అప్పుడు గాలిపటం కోణం మార్చి, రెక్క గాలిని పట్టకుండా చేస్తారు. లాగుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఇప్పుడు జనరేటరే మోటారుగా మారి తాడును గబగబా చుట్టేస్తుంది. దీనికి కొంత కరెంటు ఖర్చవుతుంది, ఇచ్చిన దానిలో అది చిన్న వాటా. చుట్టడం పూర్తికాగానే గాలిపటం మళ్లీ ఎనిమిది మొదలుపెడుతుంది. పుట్టేటప్పుడు ఒక పక్క, ఖర్చయ్యేటప్పుడు మరో పక్క ఊగే ఈ కరెంటును చదును చేయడానికి పక్కనే బ్యాటరీ ఉండాలి. పైన చెప్పిన 130 కిలోవాట్లు తాడు వదిలేటప్పటి లెక్క. చుట్టే సమయాన్నీ, ఖర్చునూ తీసేస్తే సగటు అంతకన్నా తక్కువే.

పైన గాలిపటాన్ని తిప్పేదెవరు? గుడ్డకు కాస్త కింద వేలాడే ఒక చిన్న పెట్టె. అందులోని మోటార్లు ఎడమ తాడునో కుడి తాడునో లాగి దాన్ని మలుపు తిప్పుతాయి. నేల మీది కంప్యూటరు చెప్పిన దారిని ఆ పెట్టె పాటిస్తుంది.

ఈ పద్ధతికి ఒక ముఖ్య కేంద్రం నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం. 1985లో ఛాలెంజర్ నౌకలో అంతరిక్షానికి వెళ్లొచ్చిన వుబ్బో ఓకెల్స్ అక్కడ ఆచార్యుడిగా చేరి, గాలిపటాల పరిశోధనకు ఒక బృందాన్ని కూడగట్టారు. 2014లో ఆయన కన్నుమూశారు. ఆ బృందం నుంచే 2016లో కైట్‌పవర్ సంస్థ పుట్టింది. 100 కిలోవాట్ల తరగతి యంత్రాన్ని కంటైనరులో పెట్టి 2021లో కరీబియన్ దీవి అరూబాకు పంపి పరీక్షించారు. జర్మనీలో స్కైసెయిల్స్ వేరే తోవలో ఇక్కడికి చేరింది. వాళ్లు ముందు గాలిపటాలతో ఓడలు లాగించారు. 2008లో బెలూగా స్కైసెయిల్స్ అనే సరుకుల ఓడ అలాగే సముద్రం దాటింది. తర్వాత కరెంటు వైపు తిరిగి, మారిషస్‌లో ఒక యంత్రాన్ని నెలకొల్పారు. మన పూర్వీకులు చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లిన దీవి అది, తెలుగు సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. గాలిపటం కరెంటు సంగతి అక్కడి వాళ్లకు మనకన్నా ముందే తెలిసి ఉంటుంది.

రెండో దారి జనరేటర్లను గాలిపటం మీదే పెట్టడం. 2006లో కాలిఫోర్నియాలో మొదలైన మకాని సంస్థ ఇదే చేసింది. 2013లో గూగుల్ దాన్ని కొన్నది. వాళ్ల చివరి యంత్రం గుడ్డ కాదు, 26 మీటర్ల గట్టి రెక్క, దాని మీద ఎనిమిది ప్రొపెల్లర్లు, లక్ష్యం 600 కిలోవాట్లు. లేచేటప్పుడు ఆ ప్రొపెల్లర్లే దాన్ని నిట్టనిలువుగా పైకి మోస్తాయి. పైన వలయంగా తిరగడం మొదలుపెట్టాక గాలికి అవే తిరిగి కరెంటు పుట్టిస్తాయి. తాడులోనే విద్యుత్ తీగలు ఉంటాయి. 2019 ఆగస్టులో నార్వే తీరాన కర్మోయ్ దగ్గర సముద్రంలో తేలే వేదిక నుంచి అది ఎగిరింది. తర్వాతి పరీక్షలో రెక్క సముద్రంలో కూలిపోయింది. 2020లో సంస్థ మూతపడింది.

మకాని కథలో నేర్చుకోవాల్సింది బరువు గురించి. రెక్కను పొడవు, వెడల్పు, మందం అన్నిటా రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అవుతుంది. ఎత్తే బలం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బరువు దాన్ని మించిపోతుంది. వలయంలో పైకెక్కేటప్పుడు బరువు రెక్క వేగాన్ని తగ్గిస్తుంది, దిగేటప్పుడు పెంచుతుంది, కరెంటు ఆ ఊగులాటకు లోబడుతుంది. వాళ్ల రెక్క అనుకున్నదాని కన్నా బరువెక్కి, అనుకున్నంత కరెంటు ఇవ్వలేకపోయింది. మూసేటప్పుడు మకాని చేసిన ఒక పని మాత్రం మెచ్చుకోదగ్గది. ఏం చేశారో, ఎక్కడ దెబ్బ తిన్నారో వివరంగా నివేదికలు రాసి అందరికీ అందుబాటులో పెట్టారు. ఇవాళ ఈ రంగంలోకి వచ్చే ఏ కుర్ర ఇంజినీరైనా ముందు అవి చదవాలి.

మరి ఊరూరా ఎందుకు లేవు?

సూత్రం బలంగానే ఉంది. లోటు ఓర్పులో ఉంది. గాలిమర గాలి ఆగితే ఆగి నిలబడుతుంది, తుపానులో రెక్కలు గాలికి అనువుగా తిప్పుకుని నిలబడుతుంది. గాలిపటం అలా కాదు. గాలి పడిపోయేలోపే దిగాలి. ఉరుములు, పిడుగులు వచ్చేలోపే దిగాలి, మళ్లీ తనంతట తానే లేవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే గాలివానలు, అక్టోబరు, నవంబరు తుపాన్లు తెలిసిన మన ప్రాంతంలో ఇది చిన్న షరతు కాదు. ఎండకు గుడ్డ చీకిపోతుంది. డ్రమ్ము మీద చుట్టుకుంటూ విప్పుకుంటూ రోజుకు వందలసార్లు వంగే తాడు లోలోపల అరుగుతుంది. గాలిమర ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. ఆ ఇరవై ఏళ్లలో గాలిపటానికి ఎన్ని గుడ్డలు, ఎన్ని తాళ్లు మార్చాలో ఆ ఖర్చే దీని భవిష్యత్తును తేలుస్తుంది.

నేల సంగతి కూడా చూడాలి. 350 మీటర్ల తాడు తెగినా, గాలిపటం కూలినా పడే చోటంతా ఖాళీగా ఉంచాలంటే ఆ వలయం సుమారు 38 హెక్టార్లు, అంటే 95 ఎకరాలు. కింద పంట వేసుకోవచ్చు, గొర్రెలు మేపుకోవచ్చు. ఇళ్లు, రోడ్డు, హైటెన్షన్ తీగలు ఉండకూడదు. 100 కిలోవాట్ల కోసం అంత నేల అంటే ఎక్కువే. మాంజా దారం మెడకు చుట్టుకుని ద్విచక్ర వాహనదారులు గాయపడటం, పక్షులు చావడం చూసి 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాను నిషేధించింది. మాంజాకు మనుషులనూ పక్షులనూ కోసే గుణం ఉంటే, వేగంగా కదిలే తాడు విషయంలో పక్షుల మాట, దిగువన మనుషుల మాట ముందే అడగాలి. విమానాల దారి కూడా చూడాలి. 2024 చివరి దాకా అమల్లో ఉన్న 1934 నాటి విమాన చట్టం గాలిపటాన్ని విమానాల లెక్కలోనే కలిపింది.

ఇవన్నీ చూస్తే అనంతపురం, కర్నూలు గుట్టల మీద గాలిమరలను తీసేసి గాలిపటాలు పెట్టడంలో అర్థం లేదు. అక్కడ రోడ్డుంది, గ్రిడ్డుంది, గాలిమర కరెంటు చవక. ఇంటికొకటి పెట్టుకోవడం కూడా కుదరదు. ఇళ్ల మధ్య గాలి సుడులు తిరుగుతుంది, చుట్టూ ఖాళీ నేల ఉండదు. గాలిపటానికి తగిన చోట్లు వేరే ఉన్నాయి. భారీ క్రేను, పొడవాటి రెక్కల లారీ చేరలేని దీవులు, గనులు, సైనిక శిబిరాలు. అక్కడ కరెంటంటే ఓడలో తెచ్చిన డీజిలే. మన లక్షద్వీప్ కూడా చాలావరకు డీజిల్ మీద బతికిన చోటే. 100 కిలోవాట్ల యంత్రం ఏడాదిలో తన సామర్థ్యంలో 30 శాతం పనిచేస్తే సుమారు 2,63,000 యూనిట్లు. లీటరు డీజిల్‌కు మూడున్నర యూనిట్లనుకుంటే 75,000 లీటర్లు మిగులుతాయి. అంత డీజిల్ దీవికి చేర్చే ఖర్చుతో పోల్చినప్పుడు గుడ్డ మార్చే ఖర్చును భరించవచ్చు.

కాబట్టి ఏ కంపెనీ అయినా తన గాలిపటం 100 కిలోవాట్లు ఇస్తుందని చెబితే ఆ అంకె దగ్గర ఆగకూడదు. అది తాడు వదిలేటప్పటి అంకెనా, చుట్టే ఖర్చు పోయాక వచ్చే సగటా అని అడగాలి. మనిషి చెయ్యి పెట్టకుండా వరసగా ఎన్ని గంటలు ఎగిరింది, తనంతట తాను ఎన్నిసార్లు దిగి మళ్లీ లేచింది, ఏ గాలిలో ఆపేశారు, గుడ్డ ఎన్ని నెలలకు మార్చారు, తాడు ఎన్ని వంపులకు అరిగింది, ఏడాది మొత్తంలో మీటరు మీద ఎన్ని యూనిట్లు పడ్డాయి అని అడగాలి. ఐర్లాండ్‌లోని మేయో కౌంటీలో గాలిపటాల పరీక్షల కోసమే 2023లో ఒక స్థలం తెరిచారు. అలాంటి చోట్ల గంటల తరబడి, రుతువుల తరబడి ఎగరేస్తేనే ఈ ప్రశ్నలకు జవాబులు వస్తాయి.